సలోమి టీచరు హ్యాండిక్యాప్

మా గుమ్మఘట్టలో చుట్టాలకు నా ఉద్యోగం ఏమిటో నేను రిటైరయ్యేదాకా అర్థం కాలేదు. గోల్ఫ్ క్లబ్బులో పని అంటే బంతులు ఏరడమో, గడ్డి కోయడమో అనుకునేవారు. హ్యాండిక్యాప్ లెక్కలు చూస్తానని చెబితే మా చిన్నాయన ఒకసారి, "ఎవురెన్ని దెబ్బలు కొట్టినారో లెక్క పెట్టేదానికి గూడా జీతమిస్తారేమప్పా?" అని అడిగాడు. ఇస్తారు చిన్నాయనా అన్నాను. "అయితే మంచి పనే. కొట్టిచ్చుకునేది లేదు గదా" అన్నాడు. నిజమే, ఎవరూ కొట్టలేదు. తిట్లు మాత్రం బోలెడు తిన్నాను.

ఎక్కువ కాలం బెంగళూరులో ఒక పెద్ద క్లబ్బులో పనిచేశాను. చివరి కొన్నేళ్లు మన జిల్లాకే వచ్చి, విడపనకల్లు వైపు గాలిమరల కింద ఉన్న చిన్న క్లబ్బులో ఆ పనే చేశాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న కుర్రవాళ్లు ఇద్దరు ముగ్గురు నన్ను కలిశారు. "లెక్కంతా ఫోనే చేస్తోంది, ఇక మేమెందుకు సార్?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి నాకు తెలిసిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ముందు లెక్క

ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. బంతిని కర్రతో కొట్టి దూరంగా ఉన్న గుంతలో వేయాలి. ఒక పూర్తి ఆటకు అలాంటి గుంతలు పద్దెనిమిది. ఎంత తక్కువ దెబ్బల్లో ముగిస్తే అంత మంచి ఆట. ఒక్కో గుంతకు ఇన్ని దెబ్బలు చాలునని ముందే ఒక అంకె పెట్టి ఉంటారు. దాన్ని పార్ అంటారు. అన్నీ కలిపితే సాధారణంగా డెబ్బై రెండు వస్తుంది.

ఎనభైలో ముగించేవాడూ నూరు దాటేవాడూ పోటీపడితే ఎవరు గెలుస్తారో ఆడకముందే తెలిసిపోతుంది. అందుకని బలహీనుడికి కొన్ని దెబ్బలు మినహాయిస్తారు. ఆ మినహాయింపే హ్యాండిక్యాప్. దీని పుణ్యమా అని తాతా మనవడూ నిజంగా పోటీపడి ఆడుకోవచ్చు. నాకు ఈ ఆటలో అన్నిటికంటే నచ్చిన సంగతి అదే.

మరి ఎన్ని మినహాయించాలి? ప్రతి కోర్సుకూ, అంటే ఆట మైదానానికీ, రెండు అంకెలు ఉంటాయి. ఆరితేరిన ఆటగాడు అక్కడ ఎన్ని కొడతాడన్న అంచనా రేటింగు. మామూలు ఆటగాణ్ని ఆ కోర్సు ఎంత ఎక్కువ ఏడిపిస్తుందన్నది స్లోపు. నడిమధ్య కోర్సు స్లోపు నూటపదమూడు. మీరు కొట్టిన మొత్తం దెబ్బల్లోంచి రేటింగును తీసేయండి. మిగిలినదాన్ని నూటపదమూడుతో హెచ్చించి, ఆ కోర్సు స్లోపుతో భాగించండి. వచ్చేది ఆ రోజు ఆటకు విలువ.

ఉదాహరణకు రేటింగు అరవై ఎనిమిది, స్లోపు నూటపదమూడు ఉన్న సులువైన కోర్సులో మీరు తొంభై రెండు కొట్టారనుకుందాం. విలువ ఇరవై నాలుగు. మర్నాడు రేటింగు డెబ్బై రెండు, స్లోపు నూటముప్పై ఉన్న కష్టమైన కోర్సులో తొంభై ఎనిమిది కొట్టారు. డెబ్బై రెండు తీస్తే ఇరవై ఆరు. దాన్ని నూటపదమూడుతో హెచ్చించి నూటముప్పైతో భాగిస్తే ఇరవై రెండు పాయింట్ ఆరు. ఆరు దెబ్బలు ఎక్కువ కొట్టినా రెండో రోజు ఆటే మెరుగన్నమాట. ఈ ముక్క అర్థమైతే సగం పని వచ్చినట్టే.

ఇలా చివరి ఇరవై ఆటల విలువలు తీసుకుని, వాటిలో బాగా ఆడిన ఎనిమిదింటికి సగటు కడతారు. అదే మీ ఇండెక్స్. ఇరవైకీ సగటు కట్టరు. మీరు రోజూ ఎలా ఆడతారని ఈ లెక్క అడగదు, మంచి రోజున ఎలా ఆడగలరని అడుగుతుంది. ఒక గుంత దగ్గర కర్మకాలి పన్నెండు దెబ్బలు కొట్టినా లెక్కలోకి అన్నీ రావు. పార్ మీద రెండు, ఆ గుంతకు మీకు మినహాయింపు ఏదైనా ఉంటే అది కలిపి, అక్కడితో ఆపుతారు. ఇంకో కోర్సుకు ఆడటానికి పోతే మీ ఇండెక్స్‌ను అక్కడి స్లోపుతో హెచ్చించి నూటపదమూడుతో భాగిస్తారు. అక్కడి రేటింగుకూ పార్‌కూ తేడా ఉంటే అదీ కలుపుతారు. ఇంతే లెక్క. పదో తరగతి పాసైనవాళ్లు ఎవరైనా చేయగలరు.

నాకు పని నేర్పినాయన

బెంగళూరులో నా మొదటి బాసు పటాలంలో పనిచేసి వచ్చిన మనిషి. మాట పెళుసు. నేను చేరిన కొత్తలో, అంకెలన్నీ తప్పు లేకుండా కూడి ఆయన ముందు పెట్టి మెప్పు కోసం నిలబడ్డాను. ఆయన చూడనైనా చూడకుండా, "వీళ్లలో స్కోరు కార్డు ఇవ్వకుండా ఇంటికి పోయినవాళ్లెవరు?" అని అడిగాడు. నాకు తెలియదు. "అయితే నువ్వేమీ లెక్క వేయలేదు" అన్నాడు.

తర్వాత తెలిసింది. బాగా ఆడిన రోజు కార్డు మడిచి జేబులో పెట్టుకుని పోయేవాళ్లు కొందరు. అలా చేస్తే హ్యాండిక్యాప్ పెరుగుతుంది, నెలాఖరు పోటీలో బహుమతిగా పెట్టే కుక్కరు కొట్టేయవచ్చు. చెడ్డగా ఆడిన రోజు కార్డు దాచేవాళ్లు ఇంకొందరు. వాళ్లకు హ్యాండిక్యాప్ తక్కువ ఉందని చెప్పుకోవడం గొప్ప. ఒకడు కుక్కరు కోసం అబద్ధమాడతాడు, ఇంకొకడు మీసం కోసం. మొదటివాణ్ని అందరూ దొంగ అంటారు గానీ రెండోవాడు ప్రతి పోటీలోనూ ఓడిపోతాడు కాబట్టి ఎవరూ ఏమీ అనరు. నా లెక్కలో ఇద్దరూ ఒకటే.

గడ్డి లేని కోర్సు

మన మెట్ట మీద గోల్ఫ్ ఏమిటని నవ్వేవాళ్లకు చెబుతున్నాను. తాగే నీళ్లకే ట్యాంకర్ల కోసం ఎదురుచూసే చోట గడ్డికి నీళ్లెవరు పోస్తారు? విడపనకల్లు దగ్గరి మా కోర్సులో తొమ్మిదే గుంతలు, రెండు చుట్లు తిరిగితే ఒక ఆట. గుంత చుట్టూ పచ్చగడ్డి ఉండాల్సిన చోట ఇసుక ఉంటుంది. గాలికి లేచిపోకుండా వాడేసిన ఇంజన్ ఆయిల్ కలిపి అణుస్తారు. గాలి గురించి నేను చెప్పనక్కర్లేదు, గాలిమరలు పెట్టినవాళ్లు పిచ్చివాళ్లు కారు.

ఇసుక మీద మనుషులు నడిస్తే అడుగులు పడతాయి. అడుగుల మీద బంతి తిన్నగా దొర్లదు. అందుకని అక్కడ ఒక పొడుగు కాడకు అడ్డంగా ఇనుప పట్టీ బిగించిన సాధనం ఉంటుంది. బంతి ఉన్నచోటు నుంచి గుంత దాకా దాన్ని ఒకసారి లాగితే దారి చదునవుతుంది. ఆ దారిలో బంతిని మెల్లగా దొర్లించాలి. ఇంగ్లిషులో దానికేదో పేరుంది. మావాళ్లంతా చేలో మట్టి చదునుచేసే గుంటకను తలచుకుని గుంటక అనే పిలిచేవారు. కథంతా ఈ గుంటక చుట్టూనే తిరిగింది.

ఫిర్యాదు

సలోమి కంబదూరు వైపు ఒక హైస్కూల్లో పీఈటీ టీచరు. చదువుకునే రోజుల్లో హాకీ ఆడేది. మోకాలు దెబ్బతిని మానేసింది. నలభై ఏళ్లు వచ్చాక, పరుగెత్తనక్కర్లేని ఆట కదా అని గోల్ఫ్ పట్టుకుంది. హాకీ చెయ్యి కాబట్టి బంతి తుపాకి గుండులా పోయేది. అయినా ఇండెక్స్ మాత్రం ఇరవై నాలుగు దగ్గరే ఆగిపోయింది. ఇసుక మీదికి వచ్చాక దెబ్బలు ఎక్కువవుతాయని, అది ఆమె బలహీనత అని అందరం అనుకునేవాళ్లం.

ఆమె ఎప్పుడూ ఆడేది మా కెప్టెన్ నాగభూషణం గారి జట్టులో. ఆయన నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. నీళ్లు లేని జిల్లాలో నీటిపారుదల చూసిన మనిషి కాబట్టి కోపం కొంచెం ఎక్కువని మేం వెనకాల నవ్వుకునేవాళ్లం. కానీ ఆమెను క్లబ్బులో చేర్పించిందీ, జట్టులోకి పిలిచిందీ ఆయనే. వాళ్లతోపాటు క్లబ్బులో పాత సభ్యులు ఇంకో ఇద్దరు ఆడేవారు.

ఒకసారి మా క్లబ్బువాళ్లు బస్సు వేసుకుని బెంగళూరు అవతల ఒక పచ్చగడ్డి కోర్సులో పోటీకి వెళ్లారు. సలోమి అక్కడ ఆడిన ఆట విలువ పధ్నాలుగు. అంటే తన ఇండెక్స్ కంటే పది మెరుగు. కప్పు ఆమెకే వచ్చింది. ఇవ్వాల్సిన కప్పు ఇచ్చేసి, ఆ క్లబ్బు సెక్రటరీ మా కెప్టెన్‌తో నవ్వుతూ, "మీ క్లబ్బులో హ్యాండిక్యాప్‌లు బాగా పెంచి పంపుతారే" అన్నాడట.

ఆ మాట నాగభూషణం గారికి బాగా తగిలింది. మర్నాడే నా గదిలోకి వచ్చి నిలబడ్డారు. "హుసేనప్పా, ఈమె మన దగ్గర కావాలనే చెడగొట్టి ఆడతాండాది. పరువు తీసింది. ఏం జేస్తావో చెయ్" అన్నారు. అలాంటి అసాధారణమైన ఆట ఆడితే లెక్క తనంతట తానే ఇండెక్స్‌లోంచి రెండు కోస్తుంది సార్ అన్నాను. "రెండు జాలదు. ఏడాది పాటు హ్యాండిక్యాప్ రద్దు చేయల్ల. నోటీసు బోర్డులో పెట్టల్ల" అన్నారు.

కమిటీకి ఆ అధికారం ఉంది. దొంగాట అని తేలితే రద్దు చేయవచ్చు. ఆదివారం కమిటీ పెట్టారు. కబురు తెలిసి సలోమి బడి వదిలాక నేరుగా నా దగ్గరికి వచ్చింది. ఏడవలేదు గానీ కూర్చోమన్నా కూర్చోలేదు.

"అన్నా, కప్పు కావల్లంటే తీసుకోండి. బోర్డులో నా పేరు మాత్రం ఎక్కిచ్చొద్దు. రూల్సు తప్పితే విజిల్ వేసి బయటికి పంపేది నా పని. రేపు ఏ మొగం పెట్టుకోని గ్రౌండులో నిలబడేది నేను?"

ఆమె అబద్ధమాడే మనిషి కాదని నా మనసు చెబుతోంది. కానీ నా మనసు చెప్పిందని కమిటీలో రాయించలేను. ఆమె కార్డులన్నీ తీసి చూశాను. ఏదీ దాచలేదు, ఏదీ దిద్దలేదు. కొట్టిన దెబ్బలు కార్డులో ఉంటాయి, ఎందుకు కొట్టాల్సి వచ్చిందో ఉండదు. శనివారం ఆటకు నేనూ వస్తానని కెప్టెన్‌కు చెప్పాను.

వాళ్లతో నడిచిన రోజు

నలుగురు ఆడుతుంటే నేను గొడుగేసుకుని వెనకాల నడిచాను. మొదటి గుంతలోనే సంగతి కనబడింది. కనబడింది గానీ కళ్లకు ఆనలేదు, అంత అలవాటైన దృశ్యమది. మూడో గుంత దగ్గర గానీ నాకు తట్టలేదు.

నలుగురి బంతులూ ఇసుక మీదికి వచ్చాయి. సలోమి అందరికంటే చిన్నది. గుంటక తీసుకుని మొదట కెప్టెన్ గారి బంతికి దారి లాగింది. ఆయన గుంతలో వేశారు. తర్వాత మిగతా ఇద్దరికీ లాగింది. వాళ్లూ వేశారు. "కానియ్యమ్మా" అని ముగ్గురూ తర్వాతి గుంత వైపు, అక్కడున్న కానుగ చెట్టు నీడకు నడిచారు. మన దగ్గర చిన్నవాళ్లు పెద్దవాళ్ల చేత చెంబు మోయనివ్వరు, గుంటక లాగనిస్తారా? అందులో ఎవరికీ వింత లేదు.

ఇక సలోమి ఒక్కతే మిగిలింది. పెద్దవాళ్లు ఎదురుచూస్తున్నారని గుంటక పక్కన పడేసింది. ముగ్గురు మగవాళ్ల బూటు అడుగుల మీదుగా బంతిని తోసింది. బంతి ఒక అడుగు గుంటలో పడి పక్కకు తిరిగింది. మళ్లీ తోసింది. మూడోసారికి పడింది. ముందు నడుస్తున్న ముగ్గురిలో ఒక్కరు కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

"నీకు నువ్వు ఎందుకు లాక్కోవమ్మా?" అని అడిగాను.

"వాళ్లు నా కోసం ఎదురుచూస్తా నిలబడుకోని ఉంటారు గదన్నా. నేను తీరిగ్గా లాక్కుంటా ఉంటే బాగుంటుందా?"

"ఎన్నాళ్ల నుంచి ఇట్ల?"

"మొదుట్నుంచీ ఇంతే. నా చెయ్యి ఇసుక మీద కుదర్దులే అనుకున్యా."

పచ్చగడ్డి మీద ఎవరూ ఎవరికీ దారి లాగనక్కర్లేదు. అక్కడ ఆడింది ఆమె అసలు ఆట. ఇక్కడ ఆడుతున్నది మిగతా ముగ్గురూ వదిలిపెట్టి పోయిన అడుగుల మీది ఆట. ఆమె ఎప్పుడూ ఈ జట్టులోనే ఆడింది కాబట్టి ఇరవై కార్డుల్లోంచి ఏ ఎనిమిది తీసినా అదే జవాబు వచ్చింది. లెక్కలో తప్పు లేదు. కార్డులో తప్పు లేదు. ఎవరి మనసులోనూ చెడ్డ లేదు. అయినా ఒక మనిషి పరువు పోబోతోంది. నా ఉద్యోగంలో నాకు అంత ఆశ్చర్యం, అంత కోపం ఒకేసారి వచ్చిన రోజు ఇంకొకటి లేదు.

ఈ మాట రేపు కమిటీలో చెబుతానన్నాను. సలోమి ఒప్పుకోలేదు. "వద్దన్నా. సారు నన్ను కూతుర్లెక్క జూసినాడు. మీరు నా చేత చాకిరీ చేయిచ్చినారని ఆయప్ప మొగం మీద నేను చెప్పిచ్చల్లనా? రద్దు చేస్తే చేయనీ" అంది. మొన్న బోర్డులో పేరు ఎక్కించొద్దని బతిమాలిన మనిషే ఈ మాట అన్నది.

కెప్టెన్ గారు ఆఖరున ఆడారు

ఆదివారం పొద్దున్నే కమిటీకి ముందు ఒక చుట్టు ఆడదామని కెప్టెన్‌ను అడిగాను. నిజం తేల్చడానికని చెప్పాను. ఒకే ఒక షరతు పెట్టాను. "ఈ పొద్దు సలోమమ్మ జాగాలో మీరుండల్ల సార్. ఆమె ఏమేం జేస్తుందో అవన్నీ మీరు జేయండి."

"ఏమప్పా, తమాషానా?" అన్నారు. కానీ ఇంజనీరు మనిషి. పరీక్ష పెట్టి చూద్దామంటే కాదనలేరు.

మొదటి గుంత దగ్గర ఆయన గుంటక పట్టుకుని ముగ్గురికీ దారి లాగారు. సలోమికి లాగేటప్పుడు ఆమె మొహమాటంతో చచ్చిపోయింది. అయినా చదునైన దారి మీద ఆమె బంతి ఒక్క దెబ్బలో గుంతలో పడింది. వేసినవాళ్లు వేసినట్టు నడవండని ముందే చెప్పి ఉంచాను. పాత సభ్యులిద్దరికీ చెప్పాల్సిన అవసరమే లేదు, అలవాటు ప్రకారం పోయారు. సలోమిని నేను పిలుచుకుపోయాను.

నాగభూషణం గారు ఆఖరి దారి లాగి తలెత్తేసరికి ఇసుక మీద ఆయన ఒక్కరే ఉన్నారు. చుట్టూ చూశారు. "ఏమప్పా, అందరూ యాడికి పోయినారు?" అని కేకేశారు. మేమంతా ఎండలో ఆగి ఉండటం చూసి, గుంటక పడేసి గబగబా బంతిని తోశారు. అది అడుగుల్లో పడి వంకర పోయింది. రెండోది కూడా పోయింది.

మూడోది కొట్టలేదు. ఆ ఇసుక మీది అడుగులను ఒక్కొక్కటే చూశారు. నేను ఏమీ చెప్పనక్కర్లేకపోయింది, సలోమి మాట దక్కింది. ఆయన అక్కడి నుంచే, "సలోమమ్మా, ఈడికి రా" అని పిలిచారు. ఆమె భయపడుతూ వెళ్లింది.

"ఇన్ని దినాలు నువ్వు ఇట్లనే ఆడతాంటివా?"

"ఏం పర్వాలేదు సార్."

"పర్వాలేదంటావేంది? నోరు లేదా నీకు?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "నోరుంటే మాత్రం మేం విని ఉంటిమా" అన్నారు.

కమిటీలో మాట్లాడింది ఆయనే. నేను నోరు తెరవకముందే, "ఈమెది దొంగాట గాదు. తప్పు మాది. బెంగళూరాయనకు నేనే ఫోన్ జేసి చెప్తా" అన్నారు. అప్పటికప్పుడు ఒక నియమం పెట్టారు. గుంతలో వేసినవాడు గుంటక తీసుకుని తర్వాతివాడికి లాగాలి. ఆఖరివాడు వేసేదాకా ఎవరూ కదలకూడదు. వయసుతో పని లేదు. బోర్డులో సలోమి పేరుకు బదులు ఈ నియమం ఎక్కింది.

కుర్రవాళ్లకు

ఫోను లెక్క వేస్తుంది, మీకంటే నాకంటే బాగా వేస్తుంది. మీరు వేయకండి, వేయనివ్వండి. మిగిలిన సమయంలో వాళ్లతో నడవండి. ఒక మనిషి అంకె ఎక్కువుంటే దొంగ అనీ, తక్కువుంటే దొర అనీ అనకండి. ఎవరితో ఆడుతున్నారు, ఎవరి తర్వాత ఆడుతున్నారు చూడండి. మర్యాద వల్ల కూడా ఒకరికి అన్యాయం జరుగుతుందని నేను ఉద్యోగం చివర్లో నేర్చుకున్నాను. మీరు మొదట్లోనే నేర్చుకుంటే ఈ పనిలో చాలా మంచి చేయవచ్చు. గౌరవమైన పని ఇది. మళ్లీ పుట్టినా దీన్నే అడుగుతాను.

ఆ తర్వాత కొత్త కార్డులు వచ్చేకొద్దీ సలోమి ఇండెక్స్ దిగుతూ వచ్చింది. ఇరవై అయింది, పదిహేడు అయింది. ప్రతిసారీ నా గదికి వచ్చి, "ఇంకా కోయన్నా, ఇంకా కోయి" అనేది. నన్ను హ్యాండిక్యాప్ పెంచమని బతిమాలినవాళ్లు వందలమంది ఉన్నారు. కోయమని అడిగింది ఈమె ఒక్కతే.

నేను రిటైరవడానికి ముందు చూసిన ఆఖరి పోటీ క్లబ్బు ఫైనల్. సలోమి ఒక పక్క, నాగభూషణం గారు ఇంకో పక్క. ఆడవాళ్లకూ మగవాళ్లకూ రేటింగు వేరు కాబట్టి అదీ చూసుకుని లెక్క వేశాను. ఆయన నా చేతిలో కాగితం వంక చూసి, "హుసేనప్పా, ఆమెకు నేను ఎన్ని దెబ్బలు ఇయ్యల్ల?" అని అడిగారు.

"మీరు ఇచ్చేది లేదు సార్. ఆమే మీకు మూడు ఇస్తాది."

ఆయన టోపీ తీసి, "ఇస్తావా తల్లీ?" అన్నారు.

"లెక్క ప్రకారం ఇస్తా సార్. ఒకటి గూడా ఎక్కువ ఇయ్యను" అంది సలోమి.

మూడూ తీసుకున్నారు. తీసుకుని కూడా ఓడిపోయారు. ఆఖరి గుంత దగ్గర తన బంతి వేసేసి, ఆమె గెలిచే దెబ్బకు దారి లాగింది ఆయనే.